కాలువగట్టు మహావాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

"కాళ్లు గట్టిగా నాటరా అబ్బాయ్, బుడగ నడిమికి తేండి, గాజు తిప్పి గీత నల్లబరచండి, కర్ర ముందుకీ వెనక్కీ ఊపరా, అంకె చదవండి, మధ్యన నిలబడితే మిషను అబద్ధమాడదండి, లెక్క కలిసిందాకా పుస్తకం మూయకండి."

అవతారిక

లెవెల్ మిషనును స్టాండు మీద బిగించి, దాని దుర్భిణి చూపును నీటిమట్టానికి సమం చేసి, దూరాన నిలబెట్టిన కొలతకర్ర మీద అంకె చదివే విధానం ఈ వాక్యానికి విషయం. కృష్ణా పడమటి డెల్టా దీనికి దేశం. కాలువలు కట్టేసిన వేసవి రోజులు దీనికి కాలం. నీరు ఆగితే గానీ కాలువ అడుగు బయటపడదు, అడుగు బయటపడితే గానీ పూడిక ఎంతో తేలదు. కనుక ఈ వాక్యం పుట్టేది ఎప్పుడూ రోహిణి కార్తె దరిదాపుల్లోనే.

వక్త ఎవరో మూలంలో లేదు. క్రియాపదాలను బట్టి ఊహించుకోవాలి. నాటరా, ఊపరా అన్నవి కర్ర పట్టే లస్కరుకు చెందుతాయి. తేండి, చదవండి అన్నవి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీరుగారికి చెందుతాయి. ఒకే ఊపిరిలో ఒకరిని రా అని, ఇంకొకరిని అండి అని, ఇద్దరికీ పని పురమాయించగలవాడు గట్టు మీద ఒక్కడే ఉంటాడు: రిటైరుమెంటు దగ్గరపడిన వర్కు ఇన్‌స్పెక్టరు. హోదాలో ఇంజనీరుకు కిందివాడు, అనుభవంలో పైవాడు. అందుకే ఆజ్ఞ తగ్గలేదు, దానికి అండి మాత్రం తగిలింది.

పూర్వపక్షం: నీరు పల్లమెరుగును అని లోకమంతా అంటుంది కదా, కాలువ తవ్వేస్తే నీరే దారి చూసుకుంటుంది, ఈ దుర్భిణి దేనికి? సమాధానం: నీరు పల్లమెరిగిన మాట నిజమే గానీ తవ్వకముందు చెప్పదు. తవ్విన తరవాత చెబుతుంది, అదీ శివారు పొలం ఎండిపోయాక. ఈ సీమలో కంటికి పల్లం కనబడదు. తెనాలి సముద్రమట్టానికి దాదాపు 11 మీటర్ల ఎత్తున ఉంది. రైలు దారిన 43 కిలోమీటర్లు పోతే వచ్చే బాపట్ల ఐదారు మీటర్ల ఎత్తున ఉంది. రెండింటి తేడాను దూరానికి పంచితే కిలోమీటరుకు జానెడు కూడా రాదు. రేపల్లె, నిజాంపట్నం వైపు పోతే అంతకన్నా చదును. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె అందులోకి పోయింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. జిల్లా హద్దు జరిగినా నేల వాలు వేలెడు కూడా జరగలేదు కనుక తెనాలి మీదుగా దిగే నీళ్ల గొడవ రెండు జిల్లాలకూ ఉమ్మడే.

విజయవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో ముగిసింది. కట్టించినవాడు కెప్టెన్ చార్లెస్ ఓర్. ఆ ఆనకట్ట స్థానంలో ప్రకాశం బరాజు 1957లో వచ్చింది. సీతానగరం వైపు తూము దాటిన నీరు దుగ్గిరాల లాకుల దగ్గర పాయలై, ఒక వైపు తెనాలి ఊరి నడుమ పారి రేపల్లె పొలాలకు, ఒక వైపు కొమ్మమూరు కాలువగా బాపట్ల దిక్కుకు పోతుంది. కొమ్మమూరు పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువను కలుస్తుంది. ఇంత దూరం నీటిని తోసేది మోటారు కాదు, కిలోమీటరుకు ఆ బెత్తెడు వాలే. ఆ బెత్తెడును పట్టుకోవడానికే మూలవాక్యం పుట్టింది.

ప్రతిపదార్థ విచారం

కాళ్లు = స్టాండు యొక్క మూడు కాళ్లు. బల్లకు నాలుగు కాళ్లుండగా దీనికి మూడేల అంటే, నాలుగు కాళ్ల వస్తువు గతుకు నేల మీద కొట్టుకుంటుంది, మూడు కాళ్లది ఎంత గతుకులోనైనా కొట్టుకోదు. గట్టు ఏటవాలు మీద రెండు కాళ్లు పల్లపు వైపు, ఒకటి మెరక వైపు ఉండాలని సంప్రదాయం. తారుమారు చేస్తే మిషను కాలువలోకి తొంగిచూస్తుంది, ఒక్కోసారి దిగుతుంది కూడా.

నాటరా అన్నాడు, పెట్టరా అనలేదు. స్టాండు కాలి చివర ఇనప మొన, దాని పక్కన చిన్న అడుగుపట్టె ఉంటాయి. ఆ పట్టె మీద కాలు వేసి తొక్కాలని భావం. తెనాలి చుట్టూ నల్లమట్టి, మే నెలలో నెర్రెలిచ్చి ఉంటుంది. నెర్రె అంచున నాటిన కాలు రీడింగు తీసేలోపు అర అంగుళం దిగుతుంది. బాపట్ల దాటి సూర్యలంక దారిలో అంతా ఇసుక. అక్కడ కాళ్లు బాగా ఎడంగా పెట్టి, కింద చెక్కముక్క వేయనిదే నిలవవు. రేపల్లె కింది చవిటి నేల పైకి పెళుసుగా ఎండి లోపల మెత్తగా ఉంటుంది. అక్కడ మిషను చుట్టూ మనిషి తిరిగినా బుడగ కదులుతుంది. కనుక చూసేవాడు చూసినచోటే కుదురుగా నిలబడాలి, సెల్‌ఫోను మాట్లాడుతూ ప్రదక్షిణం చేయరాదు.

అబ్బాయ్ = లస్కరు. యాభై ఏళ్లవాడైనా ఇదే పిలుపు.

బుడగ నడిమికి తేండి. బుడగ అంటే తిరునాళ్లలో ఎయిర్‌గన్‌తో కాల్చే బుడగ అని ఒక వ్యాఖ్యాత. దుర్భిణి, గురి అన్న మాటలు విని ఆయన అటు పోయాడు. ఆ అర్థం ఇక్కడ పొసగదు. ఆ బుడగను పేల్చాలి, ఈ బుడగను కాపాడాలి. గాజు గొట్టంలో ఆల్కహాలు వంటి ద్రవం నింపి, కొద్దిగా ఖాళీ వదిలి మూసేస్తే మిగిలిన గాలి గుళికే ఈ బుడగ. ఇలాంటి మట్టపు గొట్టాన్ని 1660ల ప్రారంభంలో తయారుచేసినవాడు మెల్కిసెడెక్ థెవెనో అనే ఫ్రెంచి పండితుడు. గొట్టం పైకి సూటిగా కనిపించినా లోపల విల్లులా సన్నగా వంగి ఉంటుంది. ఆ వంపు శిఖరాన బుడగ నిలిస్తే గొట్టం మట్టంగా ఉన్నట్టు.

తేండి అంటే ఎలా తేవాలి? మిషను అడుగున మూడు స్క్రూలుంటాయి. దుర్భిణిని ఏ రెండు స్క్రూలకైనా సమాంతరంగా తిప్పి, ఆ రెంటినీ రెండు చేతులతో పట్టుకుని, బొటనవేళ్లు రెండూ లోపలికి గానీ, రెండూ బయటికి గానీ తిప్పాలి. ఎడమ బొటనవేలు ఎటు పోతే బుడగ అటు పోతుంది. ఈ ఒక్క సూత్రం తెలియక కొత్త ఇంజనీర్లు బుడగ వెంట పరుగెత్తి చెమటలు కక్కుతారు. తరవాత దుర్భిణిని అడ్డంగా తిప్పి మూడో స్క్రూతో సరిచేయాలి. అంతటితో సరిపోయిందనుకోరాదు. దుర్భిణిని పూర్తిగా వెనక్కి తిప్పి చూడాలి. బుడగ కదలకపోతే మిషను నిలువు ఇరుసు నిటారుగా ఉన్నట్టు. కదిలితే, కదిలినదానిలో సగం కాలి స్క్రూలతో, మిగతా సగం బుడగ గొట్టపు స్క్రూతో దిద్దాలి. మొత్తం ఒకదానితోనే దిద్దేవాడికి ఆ పూట పని తెమలదు.

సామాన్యమైన లెవెల్ మిషనులో గొట్టం మీది గీతలకు మధ్య ఎడం 2 మిల్లీమీటర్లు. బుడగ ఒక్క గీత జరిగితే చూపు 20 సెకన్ల కోణం వాలిపోతుంది. వంద మీటర్ల దూరాన కర్ర మీద అది దాదాపు సెంటీమీటరు తప్పు. ఎండ గొట్టానికి ఒక పక్కనే తగిలితే ఆ వేడికే బుడగ జరుగుతుంది. సర్వే సామాన్లలో గొడుగు ఉండటానికి కారణం ఇదే. ఆ గొడుగు మిషనుకు పట్టాలి, ఇంజనీరుకు కాదు. చూసేవారికి ఇది అమర్యాదగా తోచవచ్చు గానీ శాస్త్రసమ్మతం.

గాజు తిప్పి గీత నల్లబరచండి. ఇక్కడ గాజు అంటే కంటి దగ్గరి అద్దం. ముందు దుర్భిణిని ఆకాశం మీదికో, తెల్లకాగితం మీదికో ఎత్తి, కంటి అద్దాన్ని లోపలి అడ్డగీత నల్లగా, సన్నగా కనబడేదాకా తిప్పాలి. పక్కనున్న స్క్రూతో కర్రను స్పష్టం చేసుకోవడం ఆ తరవాత. ఈ క్రమం తప్పితే పారలాక్సు పుడుతుంది. అంటే కన్ను కాస్త పైకీ కిందికీ ఆడిస్తే గీత కూడా కర్ర మీద పైకీ కిందికీ ఆడుతుంది. ఆడే గీత మీద చదివిన అంకె చూసినవాడి మెడను బట్టి మారుతుంది, నేల ఎత్తును బట్టి కాదు.

గీతకు ఒక పురాణం ఉంది. 1640కి కాస్త ముందు యార్క్‌షైరులో విలియం గాస్కోయిన్ అనే యువకుడు దుర్భిణిలో చూస్తుంటే దారమొకటి స్పష్టంగా కనబడిందట. అద్దాల చూపులు కలిసే చోట సాలెపురుగు పోగు వేసిందని చెబుతారు. ఆ స్థలంలో పోగు పెడితే గురి కుదురుతుందని ఆయన గ్రహించాడు. 1644లో మార్‌స్టన్ మూర్ యుద్ధంలో చనిపోయాడు. తరవాత చాలాకాలం సర్వే పనిముట్లలో నిజంగానే సాలెపోగులను వాడారు. ఇప్పుడు గాజు మీద చెక్కిన గీతలే. శ్రీకాళహస్తిలో ఒక సాలెపురుగు గూడు కట్టి మోక్షం పొందిందని తెలుగువారికి తెలుసు. దుర్భిణిలో పోగు వేసిన రెండో సాలెపురుగు గతి ఏమైందో ఏ పురాణమూ చెప్పలేదు.

ఇక్కడ ప్రసంగవశాన తుపాకి దుర్భిణిని గురించి రెండు మాటలు. దానిలోనూ ఇదే గీత, ఇదే పారలాక్సు. కానీ పొత్తు వేరు. లెవెల్ మిషనులో చూపును బుడగకు కట్టాలి. రైఫిల్లో చూపును గుండు పోయే దారికి కట్టాలి. గుండు తిన్నగా పోదు, బయలుదేరిన క్షణం నుంచి కిందికి పడుతుంది. దుర్భిణి తుపాకి గొట్టం మీద నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున కూర్చుంటుంది. కాబట్టి గొట్టాన్ని రవ్వంత పైకెత్తి బిగిస్తారు. గుండు చూపుగీతను దగ్గర్లో ఒకసారి పైకి దాటి, దూరాన మరోసారి కిందికి దాటుతుంది. ఆ రెండో దాటును ఏ దూరాన పెట్టాలో తేల్చుకోవడమే జీరో చేయడం. బిగించేటప్పుడు రైఫిలును మట్టంగా పెట్టి, ఎదురుగా బరువు కట్టిన దారం వేలాడదీసి, నిలువు గీత ఆ దారంతో ఏకమయ్యేదాకా దుర్భిణిని రింగుల్లో తిప్పుతారు. తరవాత స్క్రూలను ఒక్కొక్కటి పూర్తిగా కాక, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తారు. నిలువు గీత వాలితే దగ్గర్లో ఏమీ తెలియదు, దూరం పెరిగినకొద్దీ గుండు పక్కకు పోతుంది. మూడేసి గుండ్లు కాల్చి, గుంపు నడిమిని చూసుకుని, పైనున్న బిళ్ల తిప్పుతారు. చాలా బిళ్లల్లో ఒక్కో టిక్కు వంద గజాల దూరాన పావు అంగుళం జరుపుతుంది. కంటికీ అద్దానికీ ఎడం తక్కువైతే వెనక్కి తన్నిన రైఫిలు కనుబొమ మీద సంతకం చేస్తుంది. లెవెల్ మిషను ఇంతవరకు ఎవరినీ తన్నలేదు. ఒలింపిక్ పది మీటర్ల ఎయిర్‌రైఫిల్ పోటీలో దుర్భిణి నిషిద్ధమని కూడా గుర్తుంచుకోవాలి. 2012లో లండన్‌లో కంచు పతకం తెచ్చిన హైదరాబాదు గగన్ నారంగ్ చూసింది చిన్న రంధ్రం గుండానే. ప్రకృతం అనుసరించాలి.

కర్ర = స్టాఫు. మడిచే రకం తెరిస్తే 4 మీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్లకో గడి. మడత దగ్గర గొళ్లెం సరిగా పడకపోతే పై సగం అంకెలన్నీ తప్పు. అడుగున మట్టి అంటుకుంటే కింది నుంచే తప్పు. ముందుకీ వెనక్కీ ఊపడం దేనికంటే, నిటారుగా ఉన్న కర్ర మీదే అంకె అన్నిటికన్నా చిన్నదిగా పడుతుంది, ఎటు వాలినా పెరుగుతుంది. కనుక ఊగుతున్న కర్ర మీద కనబడిన అతి తక్కువ అంకే నిజం. పక్కలకు వాలితే నిలువు గీతే చెబుతుంది, దానికి ఊపనక్కర్లేదు. పాత డంపీ లెవెల్లో బొమ్మ తలకిందులుగా కనబడేది. లస్కరు ఆకాశంలో కాళ్లు తన్ని నేలకు వేలాడేవాడు, అంకెలు పై నుంచి కిందికి పెరిగేవి. ఆ దృశ్యానికి అలవాటుపడిన పాతకాపులు ఇప్పటి మిషనులో తిన్నగా నిలబడ్డ మనిషిని చూసి కొంచెం తికమకపడతారు.

అంకె చదవండి. స్పష్టం. అయితే పదకొండు గంటలు దాటిన మే ఎండలో కర్ర మీది అంకెలు ఈదుతాయి. ఆ వేళ చదివినది గుర్తుంచుకోదగ్గది కాదు. నేలకు అరమీటరులోపు అంకెలు ఏ వేళైనా అనుమానాస్పదాలు.

మధ్యన నిలబడితే మిషను అబద్ధమాడదండి. ఇది వాక్యానికి ప్రాణం. టీక ఇక్కడ కొంత విస్తరిస్తుంది.

పూర్వపక్షం: బుడగ నడిమికి వచ్చింది, గీత నల్లబడింది, ఇంకా అబద్ధమేమిటి? సమాధానం: బుడగ మట్టంగా ఉన్నంత మాత్రాన చూపు మట్టంగా ఉన్నట్టు కాదు. రెండూ వేరు వస్తువులు, స్క్రూలతో ఒకదానికొకటి కట్టబడ్డాయి. జీపులో కుదుపులకు ఆ కట్టు వదులుతుంది. చూపు రవ్వంత పైకి లేచిందనుకుందాం. అప్పుడు దూరం పెరిగినకొద్దీ తప్పు పెరుగుతుంది. వెనక కర్రా ముందు కర్రా సమాన దూరంలో ఉంటే రెండు అంకెలూ ఒకే మేర ఎక్కువ వస్తాయి. తీసివేతలో తప్పు పోతుంది. దొంగ త్రాసులో సరుకును ఒకసారి ఎడమ తట్టలో, ఒకసారి కుడి తట్టలో తూచి నిజం రాబట్టే కోమటి యుక్తి ఇదే. మిషను అబద్ధమాడటం మానదు, రెండు అబద్ధాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. అబద్ధమాడదండి అన్నది ఉపచారంగా చెప్పిన మాటని గ్రహించాలి.

దీనికి పరీక్ష ఉంది. చదునైన చోట 60 మీటర్ల ఎడంలో రెండు మేకులు దిగ్గొట్టి, సరిగ్గా నడుమ మిషను పెట్టాలి. మొదటి మేకు మీద కర్ర 1.425, రెండో మేకు మీద 1.310 చూపిందనుకుందాం. తేడా 0.115. మిషనులో ఎంత రోగమున్నా ఈ తేడా నిజం. ఇప్పుడు మిషనును ఎత్తి మొదటి మేకు పక్కనే పెట్టాలి. దగ్గరి కర్ర మీద 1.500 వస్తే దూరపు కర్ర మీద 1.385 రావాలి. 1.397 వస్తే, 60 మీటర్లకు 12 మిల్లీమీటర్లు చూపు పైకి లేచినట్టు. డంపీ లెవెల్లో గీత ఉన్న రింగు స్క్రూలు తిప్పి 1.385 దగ్గరికి దించాలి.

ఈ 12 మిల్లీమీటర్లను చిన్నచూపు చూడరాదు. వెనక కర్రను ఎప్పుడూ దగ్గర, ముందు కర్రను ఎప్పుడూ దూరం పెట్టుకుంటూ పోయే సోమరి బృందం ఒకటుందనుకుందాం. ఆ దూరాల తేడా మొత్తం కిలోమీటరయ్యేసరికి తప్పు 20 సెంటీమీటర్లు. ఈ నేల నిజమైన వాలు కిలోమీటరుకు 12, 14 సెంటీమీటర్లు. అంటే వాలు కన్నా తప్పు పెద్దది. చూపు పైకి లేచింది కనుక నేల ఉన్నదానికన్నా ఎక్కువ వాలినట్టు పుస్తకంలో పడుతుంది. కాగితం మీద నీరు పరుగెత్తుతుంది, కాలువలో నిలబడుతుంది. తల దగ్గరి రైతుకు చేను మునుగుతుంది, శివారు రైతు కలెక్టరాఫీసు ముందు కూర్చుంటాడు. మురుగు కాలువల్లో ఇదే జరిగితే కథ తిరగబడుతుంది: నల్లమడ, రొంపేరు వంటి చోట్ల వాన నీరు సముద్రానికి పోవాల్సింది పొలంలో విడిది చేస్తుంది.

మధ్యన నిలబడటంలో ఇంకొక లాభం అడగకుండానే వస్తుంది. భూమి గుండ్రన. చూపు తిన్నగా పోతే నేల కిందికి వంగిపోతుంది. గాలి పొరల్లో వెలుగు కొంత వంగి దీన్ని తగ్గిస్తుంది. రెండూ కలిపితే కిలోమీటరు చూపుకు దాదాపు 6.7 సెంటీమీటర్ల తేడా. సమాన దూరాల్లో అదీ కొట్టుకుపోతుంది. గణితం రాని లస్కరు అడుగులు లెక్కపెట్టి కర్రను సమాన దూరంలో నిలిపితే భూగోళపు వంపును సవరించినవాడవుతాడు. జీతం మాత్రం మారదు.

ఆటో లెవెల్ వచ్చాక ఈ పదం నిరర్థకమైందని నవీనులు. అది తప్పు. 1832లో విలియం గ్రావాట్ చేసిన పొట్టి డంపీ లెవెల్‌కూ నేటి ఆటో లెవెల్‌కూ తేడా ఏమంటే, ఇందులో సన్నని తీగలకు వేలాడే పట్టకం చిన్న వాలును తనే సర్దుకుంటుంది. గుండ్రని బుడగను వలయంలోకి తెస్తే చాలు. ఆ పట్టకం కూడా కుదుపులకు దారి తప్పుతుంది. అప్పుడు బుడగ నవ్వుతూ నడిమిలోనే ఉంటుంది, చూపు ఎటో పోతుంది. బాపట్ల వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థి నేర్చుకోవాల్సిన రెండు మేకుల పరీక్షకు ఆటో లెవెల్ మినహాయింపు కాదు.

లెక్క కలిసిందాకా. ఏ కొలతకైనా మొదలుండాలి. లాకు గోడ మీదో, వంతెన మీదో చెక్కిన బెంచిమార్కు ఆ మొదలు. 1858 నుంచి 1909 దాకా దేశమంతా లెవెళ్లు తీసినప్పుడు తొమ్మిది రేవుల్లో కొలిచిన సముద్రపు సగటు మట్టాన్ని ఆధారం చేసుకున్నారు. తెలుగు తీరంలో విశాఖపట్నం అందులో ఒకటి. రైల్వే స్టేషను పసుపు బోర్డు అడుగున కనిపించే ఎత్తు కూడా సముద్రమట్టం నుంచి లెక్కించిందే. బెంచిమార్కు దగ్గర మొదలెట్టి, పని ముగించి, మళ్లీ ఏదో ఒక బెంచిమార్కుకు చేరాలి. వెనక చూపుల మొత్తం నుంచి ముందు చూపుల మొత్తం తీసేస్తే, చివరి ఎత్తుకూ మొదటి ఎత్తుకూ తేడా రావాలి. ఇది కలిస్తే కూడికలు తీసివేతలు సరి అని మాత్రమే అర్థం. కర్ర తప్పు చదివితే ఈ పరీక్షకు దొరకదు. దానికి తిరిగి బెంచిమార్కు చేరడమే దిక్కు. మామూలు పనులకు, దూరాన్ని కిలోమీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 24తో హెచ్చవేస్తే వచ్చినన్ని మిల్లీమీటర్ల తేడాను మన్నిస్తారు. నాలుగు కిలోమీటర్లకు 48 మిల్లీమీటర్లు. అంతకు మించితే మర్నాడు పొద్దున మళ్లీ మొదటి మేకు దగ్గరే.

పుస్తకం = లెవెల్ బుక్కు. తప్పు పడిన అంకెను కొట్టేసి పైన రాయాలి. రబ్బరు వాడటం నిషిద్ధం. కొట్టేసిన అంకె కూడా సాక్ష్యమే కనుక చెరపరాదు.

మూయకండి. "పెట్టె మూయకండి" అని ఒక పాఠాంతరం. లస్కర్లలో ఈ పాఠానికే ప్రచారం ఎక్కువ, అర్థమూ కుదురుతుంది. మిషనును పెట్టెలో పెట్టే ముందు కాలి స్క్రూలను నడిమికి తెచ్చి, బిగింపు వదులు చేసి, అద్దం మూత పెట్టి, దుర్భిణిని గూటి తీరుకు తిప్పుకోవాలి. మూత పడకపోతే మిషను తప్పుగా కూర్చున్నట్టు. మూత మీద మోకాలు వేసి నొక్కరాదు.